వీపు మీద వేలు

మే 4, సోమవారం

గురువారం ఉదయం మళ్లీ మళ్లీ గుర్తొస్తోంది. అందులో ఏ విశేషమూ లేదు. అయినా రాసిపెట్టుకోవాలనిపిస్తోంది.

ప్రార్థన ముగించి లేచేసరికి కిటికీలోంచి ఎండ నాన్నగారి కుర్చీ దాకా వచ్చింది. స్నానాలగదిలో కుళాయి పారుతోంది. తమ్ముడు గడ్డం గీసుకుని, కుళాయి అలాగే వదిలేసి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికొచ్చాడు. మరదలు లోపలికెళ్లి కట్టేసింది. ఒకప్పుడు గట్టిగా కేకేసేది. ఈమధ్య ఏమీ అనదు, వెళ్లి కట్టేస్తుంది. చెల్లి అప్పటికే ముందుగదిలో బల్ల తుడిచి, వచ్చేవాళ్ల కోసం రెండు చెక్క కుర్చీలు వేసింది. మెత్తటివి వెయ్యదు. "మెత్తగా కూర్చోబెడితే బేరం మధ్యాహ్నం దాకా సాగుతుంది పెద్దక్కా" అంటుంది.

వచ్చినాయన ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు. కూతురి పెళ్లి మాట్లాడడానికి వచ్చాడు. చెక్క కుర్చీల వంక ఒకసారి చూసి, వెళ్లి నాన్నగారి కుర్చీలో కూర్చున్నాడు. చెల్లి మొహం చూసి తీరాల్సిందే.

"పెళ్లి జరిపించడానికి ఎంత తీసుకుంటారో చెప్పండి. నాకు నాన్చడం ఇష్టముండదు" అన్నాడు.

"మాకు రేటు లేదండీ" అంది చెల్లి. "మీ పెళ్లిలో పెద్ద వంటాయనకి ఎంతిస్తారో మాకూ అంతే. మా నాన్నగారు పెట్టిన పద్ధతి. ఉన్నవాళ్లు ఉన్నట్టు, లేనివాళ్లు లేనట్టు."

"మాది కేటరింగమ్మా. కంపెనీ. వంటాయనంటూ ఒకడుండడు."

"ఉప్పు చూసేవాడు ఒకడుంటాడు కదండీ. ఆయనకెంత?"

ఆయన ఒక అంకె చెప్పాడు. ఆ డబ్బుకి ఉల్లిపాయలు తరిగేవాడు కూడా రాడు. చెల్లి నోరు తెరిచేలోపే ఆయన తమ్ముడి వైపు తిరిగాడు. తమ్ముడికి ఒక్క ముక్క వినపడలేదు. చల్లగా నవ్వుతూ ఆయన మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆయన కాస్త కదిలి, ఇంకో అంకె చెప్పాడు. తమ్ముడిది అదే నవ్వు. ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. మూడో అంకె న్యాయమైనదే.

"మీ అన్నయ్య మహా గట్టివాడమ్మా" అన్నాడు చెల్లితో.

చెవుడు మా ఇంటికి బేరం నేర్పింది. ఆయన వెళ్లాక పడీపడీ నవ్వుకున్నాం. నేనూ నవ్వాను.

కానీ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ఒక మాటన్నాడు. "ముప్పావుగంటలో అయిపోవాలి. పెద్దపెద్దవాళ్లు వస్తారు. ఆ ప్రశ్న దగ్గర సాగదీయకండి. మా పెళ్లిలో మీ నాన్నగారు అక్కడే సాగదీసి మా అందరి ప్రాణం తీశారు. మా అమ్మాయి మీరే కావాలని పట్టుబట్టింది గానీ, లేకపోతే నాకు వేరేవాళ్లున్నారు."

"అలాగేనండీ, సాగదీయం" అంది చెల్లి.

నేనేమీ అనలేదు.


మే 6, బుధవారం

తమ్ముడు చెవి మిషను మళ్లీ పెట్టెలోంచి తీశాడు. పెట్టుకుని మైకు ముందు నిలబడితే అది కుయ్యిమని కూస్తుంది. కిందటేడు ఒక పెళ్లిలో అలాగే కూసింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. ఎవరో "పెళ్లికొడుకు ఈల వేస్తున్నాడ్రోయ్" అన్నారు. ఆ రోజు నుంచి పెట్టెలోనే ఉంటోంది.

ఇవాళ పెట్టుకుని, అద్దం ముందు నిలబడి, తీసేశాడు.

"నువ్వున్నావుగా అక్కా" అన్నాడు.

ఉన్నాను. ప్రార్థన, నాలుగు మంచి మాటలు అన్నీ వాడికి కంఠతా వచ్చు. వాడి గొంతు కోసమే పిలుస్తారు మమ్మల్ని. ఒక్క ప్రశ్న దగ్గరే చిక్కు. "నీకు సమ్మతమేనా?" అని ఇద్దరినీ అడగాలి, జవాబు వినాలి. నేను వెనక పీట మీద కూర్చుంటాను. జవాబు వినపడగానే వేలితో వాడి వీపు మీద తడతాను. వాడు "సమ్మతం, అందరూ విన్నారు" అంటాడు. జనం చప్పట్లు కొడతారు. వెనక కూర్చున్న ముసలమ్మ వేలు ఎవరు చూస్తారు?


మే 7, గురువారం

భోజనాల దగ్గర మాటామాటా వచ్చింది.

"వచ్చినవాళ్లకి చెప్పేస్తే పోలా" అంది మరదలు. "చెవి సరిగా పని చెయ్యదండీ అని. ఇష్టమైనవాళ్లు పిలుస్తారు."

"ఎవరు పిలుస్తారు వదినా? కళ్లు కనపడని డ్రైవరు బస్సు తోలతానంటే నువ్వెక్కుతావా?"

"మీ అన్నయ్య బస్సు కాదు."

"ఏమిటంటున్నారు?" అన్నాడు తమ్ముడు, అన్నం కలుపుకుంటూ.

"పప్పు బాగుందంటున్నాం" అంది చెల్లి, గట్టిగా.

వాడు మరదలి మొహం చూసి, పళ్లెం చూసుకున్నాడు. పప్పు లేదు ఇవాళ. వాడికి తెలీదా?

నన్నడిగారు. దేవుడు చూసుకుంటాడన్నాను. ఏ బరువైనా ఎత్తి ఆయన మీద పెట్టడం నాకు బాగా అలవాటైంది.


మే 10, ఆదివారం

కాంట్రాక్టరు గారింటి పెళ్లి అయింది. బాగా జరిగింది. అలసిపోయాను.


మే 11, సోమవారం

బాగా జరిగింది. హాల్లో ఫ్యాన్ల గోల. బయట కార్ల గోల. ఆ అమ్మాయి మెల్లగా అంది.


మే 12, మంగళవారం

కొందరు ఆడపిల్లలకి గొంతే అంత. మెల్లగా అంది. తల వంచుకుని ఉంది. పెదవులు కదిలాయి.

కదిలినట్టే ఉన్నాయి.


మే 14, గురువారం

పొద్దున ప్రార్థనలో కూర్చుంటే మాటలు రాలేదు. ముప్ఫై ఏళ్లుగా చెప్పుకుంటున్న మాటలు. కుడిచేయి చూపుడువేలు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. మరదలు వచ్చి "వేలికేమైనా గుచ్చుకుందా వదినా?" అంది. లేదన్నాను.

మధ్యాహ్నం వంటాయన వచ్చాడు. నాన్నగారి కాలం నుంచీ తెలిసినవాడు. కేటరింగ్ కంపెనీ ఏదైనా, దాని వెనక గరిటె పట్టేది ఆయనే.

"అమ్మగారూ, ఈసారి కంపెనీవాళ్లు నాకు బాగా ముట్టజెప్పారు. అంటే మీకూ బాగానే ముట్టి ఉండాలి. నా జీతం పెరిగితే మీ ఇంట్లో దీపం వెలుగుతుంది. నాకు దండం పెట్టుకోండి."

"పెట్టుకుంటాలే, కూర్చో" అన్నాను.

"కాంట్రాక్టరు గారు తెగ సంతోషపడిపోతున్నారు. ఇంత చకచకా అయిన పెళ్లి ఎక్కడా చూళ్లేదట. ఇంకో ఇద్దరికి మీ పేరు చెప్పారు."

చెల్లి లోపల్నుంచే "ఏ తారీఖులు?" అంది.

ఆయన టీ తాగుతూ "నాకు చప్పట్లు వినపడితే చాలు, వడ్డనకి సిద్ధం చేయిస్తాను. పెళ్లికూతుళ్ల మాట వంటింటి దాకా ఎప్పుడూ రాదు. అదేం చిత్రమో" అన్నాడు నవ్వుతూ.

నేను లేచి గ్లాసు కడగడానికి వెళ్లాను. ఆయన ఇంకా తాగడం పూర్తి చెయ్యలేదు.


మే 15, శుక్రవారం

పెదవులు కదల్లేదు.


మే 18, సోమవారం

ఆ అమ్మాయి వచ్చింది.

చెల్లి బ్యాంకు పని మీద వెళ్లింది. మరదలు మేడ మీద బట్టలు ఆరేస్తోంది. తలుపు తీస్తే గుమ్మంలో ఒక్కతే నిలబడి ఉంది, భుజాన సంచి, మెడలో ల్యాబు కార్డు. పెళ్లిరోజు అలంకారంలో చూసిన మొహం కదా, ముందు గుర్తుపట్టలేదు. రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుందట.

"అయ్యగారితో మాట్లాడాలి ఆంటీ."

తమ్ముడు నాన్నగారి కుర్చీలో ఉన్నాడు. ఆమె ఎదురుగా చెక్క కుర్చీలో కూర్చుని, సూటిగా అడిగింది. "పెళ్లిలో మీరు నన్ను ప్రశ్న అడిగారు. నేనేమన్నాను?"

తమ్ముడు చల్లగా నవ్వాడు. ఆమె మళ్లీ అడిగింది. వాడు ఇంకా చల్లగా నవ్వి, "దేవుడి దయ తల్లీ, కలకాలం ఇలాగే ఉండండి" అన్నాడు.

కాంట్రాక్టరు ఆ నవ్వు చూసి రేటు పెంచాడు. కూతురు ఆ నవ్వు చూసి నా వైపు తిరిగింది.

"ఈయనకి వినపడదా?"

"తక్కువ."

"ఎంత తక్కువ?"

ల్యాబులో పనిచేసే పిల్ల. ఎంత తక్కువో తనే తేల్చుకుంది.

"మరి నేను ఒప్పుకున్నానని విన్నదెవరు ఆంటీ?"

నేను ఆమెని వంటింట్లోకి తీసుకెళ్లాను. అక్కడ పీట వేశాను. నేను నేల మీద కూర్చున్నాను. ఆమె మాట్లాడింది, నేను విన్నాను. వెనక పీట మీద కూర్చోవడం మొదలెట్టాక ఒకరి మాట పూర్తిగా విన్నది ఇప్పుడేనేమో.

"నేనేమీ అనలేదు" అంది. "భయపడి కాదు. మళ్లీ అడుగుతారనుకున్నాను. మా అమ్మ ఎప్పుడూ చెప్తుంది. తన పెళ్లిలో అమ్మ ఊరుకుంటే మీ నాన్నగారు చేతిలో పుస్తకం మూసేసి, మళ్లీ అడిగారట. అయినా అనకపోతే కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారట. మా నాన్న అటూ ఇటూ తిరుగుతున్నాడట. అమ్మ అప్పుడు 'సమ్మతమే, కానీ నెలకోసారి మా అమ్మని చూడ్డానికి పంపాలి' అందట అందరి ముందూ. ఇప్పటికీ మా నాన్న ఆ మాట దాటలేడు. అందుకే మీరే కావాలని పోట్లాడాను. ఫీజు ఎక్కువని నాన్న గొణుగుతుంటే నా జీతంలోంచి ఇస్తానన్నాను."

"నువ్వేం చెబుదామనుకున్నావు తల్లీ?"

"సమ్మతమే కానీ ఉద్యోగం మానను అని." మెడలో కార్డు ఒకసారి తిప్పి చూసుకుంది. "ఆయన మంచివాడే ఆంటీ. అత్తగారూ మంచిదే. కానీ వచ్చే నెల వేరే ఊళ్లో కొట్టు పెడుతున్నారు, నేను మానేసి గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలి. పెళ్లికి ముందు ఎవరూ నాతో అనలేదు, అటూ ఇటూ చెవిన పడిందంతే. నాన్నకి తెలుసు. ఇప్పుడు నేను నోరెత్తితే అందరిదీ ఒకటే మాట. 'అందరి ముందూ సమ్మతమన్నావుగా.' నేనెప్పుడన్నాను?"

నేను చూపుడువేలు పిడికిట్లో దాచుకున్నాను.

"మేం సూది గుచ్చేముందు కూడా అడుగుతాం. 'గుచ్చనా?' అని. ఊ అంటేనే గుచ్చుతాం. అది చెంచాడు రక్తం."

అప్పుడు వేలి సంగతంతా చెప్పాను. నువ్వు ఊరుకున్నావు. నేను చూస్తూనే ఉన్నాను. మీ నాన్న వాచీ చూసుకున్నారు. హాలంతా ఒక్కసారి చప్పుడు తగ్గింది. ఇంకొంచెం ఆగితే మా తమ్ముడు నా వేలి కోసం వెనక్కి తిరుగుతాడు, వాడికి వినపడదని అందరికీ తెలిసిపోతుంది అనిపించింది. నువ్వు గుర్తు రాలేదు. తట్టాను.

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"మళ్లీ అడుగుతారా? వాళ్లందరి ముందూ?" అంది.

"ఇంట్లో మాట్లాడి చెప్తాను."

లేచి, సంచి భుజాన వేసుకుని, గుమ్మంలో ఆగింది. అచ్చం వాళ్ల నాన్నలాగే. "తొందరగా చెప్పండి ఆంటీ. ఈ నెలాఖరుకి రాజీనామా ఇవ్వాలంటున్నారు."


మే 19, మంగళవారం

తమ్ముడి ఎడమచెవి కాస్త నయం. ఆ చెవి దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. గట్టిగా చెప్పాలి కాబట్టి, దాచుకోవాల్సిన మాటలన్నీ వీధి వినేలా చెప్పాల్సి వచ్చింది. పక్కింటావిడ కిటికీ మూసింది, మర్యాదకి.

వాడు భుజాన ఉన్న తువ్వాలు తీసి మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు.

"నువ్వు తట్టావు. నేను అన్నాను" అన్నాడు చివరికి. "ఇదివరకెప్పుడైనా తట్టావా అక్కా, ఇలా?"

"లేదు."

"నిజం చెప్పు."

"ఇదొక్కటే."

నిజమే చెప్పాను. ఇదొక్కటే. రాత్రంతా ఒక్కొక్క పెళ్లీ, ఒక్కొక్క మొహం గుర్తు చేసుకుంటూ పడుకున్నాను. కిందటి చలికాలం పసుపు గోడల హాల్లో ఒక పెళ్లికొడుకు దగ్గాడు. అది దగ్గే. తర్వాత అన్నాడు.

అన్నాడనే అనుకుంటున్నాను.

పొద్దున ప్రార్థనకి కూర్చున్నప్పుడు దేవుడి మీద ఏ బరువూ పెట్టలేదు. ఊరికే కూర్చున్నాను.


మే 20, బుధవారం

సాయంత్రం నలుగురం ముందుగదిలో కూర్చున్నాం. చెల్లికి నిన్ననే తెలిసింది. పొద్దుట్నుంచీ నాతో మాట్లాడలేదు. గిన్నెలతో మాట్లాడింది.

మొదట తనే అందుకుంది. "ఆ కాంట్రాక్టరు మనల్ని ఊరుకోనిస్తాడా? ఇంకో రెండు పెళ్లిళ్లు ఆయన మాట మీదే వచ్చాయి. అమ్మాయి వచ్చి కంటతడి పెట్టుకుంటే..."

"కంటతడి పెట్టుకోలేదు" అన్నాను.

"ఏదోలే. రేపు ఈ సంగతి బయటికొస్తే, మనం ఇన్నాళ్లూ చేసిన పెళ్లిళ్లన్నీ ఏమంటారు? ఇంటింటికీ వెళ్లి మళ్లీ అడుగుతామా?"

"అడగమంటే అడుగుదాం" అంది మరదలు. ఇన్నాళ్లూ చప్పుడు లేకుండా కుళాయి కట్టిన మనిషి. "ఆయనకి వినపడదని మీరంతా దాస్తున్నారు. ఆయన కోసం దాస్తున్నారో, పెళ్లిళ్ల కోసం దాస్తున్నారో నాకిప్పటికీ అర్థం కాదు. మొన్న పప్పు బాగుందన్నారు. ఆ రోజు ఈయన గదిలోకొచ్చి ఏమన్నారో తెలుసా? 'ఇంట్లో కూడా నాతో అబద్ధాలే చెప్తున్నారే' అన్నారు."

చెల్లి తల దించుకుంది. తమ్ముడు మా పెదవుల వంక మార్చి మార్చి చూస్తున్నాడు. నేను వాడి ఎడమవైపు జరిగి, అందరి మాటలూ ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. పప్పు సంగతి కూడా. వాడు నవ్వలేదు.

"నాన్న ఏమనేవాడు?" అన్నాడు. "మనకిచ్చేది అడిగినందుకు కాదురా, విన్నందుకు అనేవాడు. అడగడం ఎవరైనా అడుగుతారు. మనం విన్లేదు. ఆ డబ్బు మనది కాదు."

చెల్లి ఏదో అనబోయి ఆగింది. తనకి డబ్బంటే ఆశ కాదు. నాన్నగారు పోయాక ఈ నలుగురి అన్నం తన ఫోన్లోంచే వస్తోంది, ఆ భయం. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "వంటాయన కూడా ఉడకని అన్నానికి డబ్బు పుచ్చుకోడు" అంది.

అదే ఒప్పుకోవడం.

తర్వాత మాటలు తొందరగా సాగాయి. నిర్ణయించుకున్నవి రాసుకుంటున్నాను, రేపు పొద్దున నాకు పిరికితనం వస్తే చూసుకోవడానికి.

కాంట్రాక్టరు గారికి చెల్లే ఫోన్ చేసింది, మా ముందే. రెండువైపులవాళ్లనీ ఆదివారం మీ ఇంట్లో కూర్చోబెట్టండి, మా వల్ల ఒక పొరపాటు జరిగింది, దిద్దుకోవాలి, ఇచ్చింది తిరిగి తెస్తున్నాం అంది. ఆయన అరుపు తమ్ముడికి కూడా వినపడినట్టుంది, కనుబొమలెత్తాడు. చెల్లి ఫోను చెవికి దూరంగా పట్టుకుని, ఆయన ఆగేదాకా ఆగి, "అరవండి, ఫరవాలేదు. మీ ఆవిడ గారిని ఒకసారి అడగండి, మా నాన్నగారు కుర్చీ ఎందుకు తెప్పించుకున్నారో" అంది. అవతల చప్పుడు లేదు. తర్వాత ఆడగొంతు వినపడింది. "పదింటికి రండమ్మా" అంది.

అబ్బాయి తరఫువాళ్లు ఏమంటారో తెలీదు. ఆ అమ్మాయి మాటకి వాళ్లు ఒప్పుకుంటారో లేదో అంతకంటే తెలీదు. మేం వెళ్లేది తీర్పు చెప్పడానికి కాదు.

ఆ తర్వాతి రెండు పెళ్లిళ్లవాళ్లకి రేపే చెప్తాం. పెళ్లి జరిపించేది తమ్ముడు, గొంతు వాడిది. ప్రశ్న అడిగేదీ, జవాబు వినేదీ నేను, వెనక పీట మీంచి కాదు, ముందు నిలబడి. వద్దనుకునేవాళ్లు వేరేవాళ్లని చూసుకోవచ్చు. "ఫీజు మాత్రం వంటాయనకెంతో అంతే. చెవుడని పైసా తగ్గించను" అంది చెల్లి. మెత్తటి కుర్చీలు కూడా వెయ్యదట.

నలుగురి ముందు నిలబడి మాట్లాడడం నాకెప్పుడూ అలవాటు లేదు. చిన్నప్పుడు బళ్లో కూడా పద్యం చెప్పమంటే ఓణీ కొంగు నోట్లో పెట్టుకునేదాన్ని. అది చెప్తే మరదలు "అయితే కొంగు దోపుకో వదినా" అంది.

అందరూ లేచాక తమ్ముడు కూర్చునే ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని, ఆ వేలు కాసేపు చూసి, వదిలేశాడు.

"ఆదివారం కూడా ఆ పిల్ల ఏమీ అనకపోతే ఏం చేస్తావక్కా?"

"మళ్లీ అడుగుతాను."

"ఆఁ?"

ఎడమచెవి దగ్గరికి వంగలేదు. ఎదురుగా నిలబడి, గది అవతలి గోడకి తగిలేలా చెప్పాను.

"మళ్లీ అడుగుతాను."